ఆరని పటం

నవీన చిత్రకళను ఉద్ధరించడానికి బయలుదేరిన ఆ ఇరవైమూడేళ్ల మహాశయుడికి లోకంలో ఉన్న ఒకే ఒక్క శత్రువు తడి. తైలవర్ణాలు ఆరడానికి వారాలు పడతాయి. ఆయన మాత్రం పావుగంటకోసారి చిటికెనవేలితో పటాన్ని ముట్టి చూసి, మరక పడిన చోట మళ్లీ రంగు పూసి, మళ్లీ ఆరడం కోసం ఎదురుచూసేవాడు. ఇంట్లో ఉన్న ఒక్క ఫ్యానూ పటంవైపే తిరిగి ఉండేది. "ఒరే, నీ బొమ్మ ఆరేదెప్పుడు, మా చెమట ఆరేదెప్పుడు?" అని తండ్రి తువ్వాలుతో విసురుకునేవాడు.

ఆయన తొలి ప్రదర్శనకు పటాలు తీసుకునే ఆఖరి రోజు రానే వచ్చింది. ఇది తప్పితే మళ్లీ ఏడాదికే. తడి పటాలు తీసుకోబడవని ప్రదర్శనశాల గుమ్మం మీదే రాసి ఉంది. పటాలు తీసుకునే గుమాస్తా తడి చూడడానికి వేలు చాచగానే మనవాడు పటాన్ని పక్కకు తిప్పాడు.

"అక్కడ కాదండీ, ఈ మూల చూడండి," అన్నాడు. ఆరింది ఆ మూల ఒక్కటే.

"ఇరవయ్యేళ్లుగా అందరూ నాకు మూలలే చూపిస్తున్నారు నాయనా," అంటూ గుమాస్తా నడిమధ్యన వేలు పెట్టాడు. వేలు నీలమయింది. మనవాడు కళ్లు మూసుకున్నాడు.

గుమాస్తా వేలు గుడ్డకు తుడుచుకుని, రిజిస్టరులో "ఆరినది" అని రాసి, "పక్క పటానికి ఆనించకు, అంటుకుంటుంది," అన్నాడు.