ఏడో నంబరు పాయింటు

ఏడు అనాల్సిన చోట ఆరు అన్నాను. అంతే. చిన్న అంకె. దాన్ని పదకొండేళ్లు మోశాను.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కరలేదు. నెల్లూరులో మోటార్ల వైండింగు షాపు నాది, అంతవరకు చాలు. కాలిపోయిన మోటారు విప్పి, మాడిన రాగితీగ తీసేసి, కొత్త తీగ చుట్టి ఇవ్వడం మా నాన్న కాలం నుంచీ మా పని. శుక్రవారం నమాజులో ఈ సంగతి అల్లాకి ఎన్నోసార్లు చెప్పుకున్నాను. ఆయనకి ముందే తెలుసు. తెలిసినవాడికి చెప్పుకోవడం ఒప్పుకోలు ఎలా అవుతుంది? అందుకే తెలియని మీకు చెబుతున్నాను. మధ్యలో నన్ను నేను వెనకేసుకొస్తే నమ్మకండి. నాకు ఆ అలవాటు ఉంది.

ఆయన్ని రమణయ్యగారు అంటాను. అసలు పేరు అది కాదు. రైల్వేలో క్యాబిన్ మనిషి. స్టేషను చివర మేడగదిలో నిలబడి, లీవర్లు లాగి, వచ్చే రైలుని ఈ పట్టాల మీది నుంచి ఆ పట్టాల మీదికి మళ్లించే పని. అలా మళ్లే చోటునే పాయింటు అంటారు. సర్వీసు మొత్తంలో ఒక్క పాయింటూ తప్పు వెయ్యలేదని ఆయనకి గొప్ప. ఆ గొప్ప ఊరికే రాలేదు, దానికో పద్ధతి ఉంది. లీవరు మీద చెయ్యి వేసేముందు దాని నంబరు పైకి అనాలి. లాగాక, పట్టా మళ్లిందని గుర్తు చూసుకుని "పడింది" అనాలి. గదిలో తనొక్కడే ఉన్నా సరే. రిటైరయ్యాక ఇంట్లోనూ అదే వరస. తలుపు గడియ పెట్టి "పడింది" అనేవారు. గ్యాసు కట్టేసి "పడింది" అనేవారు. ఆయన కూతురు సుగుణమ్మ, మైపాడు బడిలో టీచరు, పడీపడీ నవ్వేది.

మైపాడులో, సముద్రానికి రెండు వీధుల ఇవతల, ఒకప్పుడు వలలు దాచుకున్న పెద్ద రేకుల గదిలో ఆయన చిన్న రైళ్లతో ఒక లైను కట్టారు. నడుమెత్తు బల్లల మీద, మూడు గోడల పొడవునా. కొడవలూరు స్టేషను, రంగు కలిపిన రంపపు పొట్టుతో వరిమళ్లు, పెన్నా మీద వంతెన, ఆ తర్వాత నెల్లూరు. ఇరవై రెండు పాయింట్లు. సిగ్నళ్లు. స్టేషన్లలో, ఇళ్లలో గోరంత దీపాలు. ఉప్పుగాలికి పట్టాలు మసకేస్తాయని రోజూ పొద్దున్నే గుడ్డపెట్టి తుడిచేవారు. ఇత్తడి రేకు కోసి, అతికి, రెండేళ్లు కూర్చుని ఒక ఆవిరి ఇంజను సొంతంగా తయారుచేశారు. కరెంటు పని మాత్రం నాకు అప్పగించారు. షాపుకి సెలవున్నప్పుడల్లా మైపాడు బస్సెక్కి వెళ్లేవాణ్ని. బల్లల కింద వెల్లకిలా పడుకుని వైర్లు లాగేవాణ్ని. నా బతుకులో ఇష్టంగా చేసిన పని అదొక్కటే.

అక్కడ ఒక నియమం ఉంది. రైళ్లు నడిచే కరెంటు వేరు. పాయింట్లకి, దీపాలకి ఇచ్చే కరెంటు వేరు. ఒక్కో పాయింటు కింద ఒక చిన్న కాయిలు ఉంటుంది. బటన్ నొక్కగానే అది ఒక్క ఊపున పట్టాని లాగాలి. ఆ క్షణానికి దానికి గట్టిగా కరెంటు కావాలి. రెండూ ఒకే చోటి నుంచి ఇస్తే, ఒకే పంపుకి రెండిళ్ల కుళాయిలు కలిపినట్టే. ఒకరు తిప్పితే ఇంకొకరికి ధార సన్నబడుతుంది. రమణయ్యగారు ఈ సంగతి ఒక అట్టముక్క మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి బటన్ల బోర్డు పైన అంటించారు. "రైళ్ల లైను, పాయింట్ల లైను కలపరాదు." దాన్ని వెళ్లిన ప్రతిసారీ చూసినవాణ్ని నేను.

కలిపింది కూడా నేనే.

ఒక ఆదివారం తనతో క్యాబిన్లలో పనిచేసిన నలుగురు పాత స్నేహితుల్ని ఆయన భోజనానికి పిలిచారు. భోజనాలయ్యాక లైను నడిపి చూపించాలని. ముందురోజు మధ్యాహ్నం నేను చివరిసారి అన్నీ చూడటానికి వెళ్లాను. ఆయన మిఠాయిలకని నెల్లూరు వెళ్లారు. పాయింట్లకీ దీపాలకీ కరెంటిచ్చే ట్రాన్స్‌ఫార్మర్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కి ఉంది. అది నేను చుట్టిందే. చుట్టలో ఎక్కడో నా తప్పే. విప్పి మళ్లీ చుట్టాలి, సాయంత్రం దాకా పడుతుంది. షాపులో రొయ్యల గుంటల ఏరియేటర్ మోటార్లు ఆరు పడి ఉన్నాయి. నీళ్లు చిలికే ఆ మోటార్లు ఆగితే తెల్లారేసరికి రొయ్యలు తేలిపోతాయి. గుంటలవాళ్లు నా నెత్తిన కూర్చున్నారు.

చూశారా, మొదలుపెట్టాను. తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నాడట. రొయ్యలు నన్ను వైరు కలపమనలేదు. ట్రాన్స్‌ఫార్మర్ చెడిపోయింది సార్, రేపటి కార్యక్రమం ఓ వారం ఆపుకోండి అని ఫోన్లో ఒక్క మాట చెప్పుంటే సరిపోయేది. నేను చుట్టింది చెడిపోయిందని నా నోటితో అనడానికి నామోషీ. అదీ అసలు సంగతి.

ట్రాన్స్‌ఫార్మర్ ఊడదీసి సంచిలో వేసుకున్నాను. పాయింట్ల లైను తెచ్చి రైళ్ల సప్లైకి కలిపాను. అన్నిటికన్నా దూరాన, వంతెన దగ్గర, ఆరో పాయింటుకి ఆనుకునే ఉన్న ఏడో పాయింటు ఒకసారి నొక్కి చూశాను. టక్కున మళ్లింది. రెండురోజులే కదా అనుకున్నాను. అప్పుడు దీపాలు వెయ్యలేదు. రైలు ఏదీ నడవడం లేదు. ఆ రెండు సంగతులూ గుర్తు రానట్టు బస్సెక్కాను. నిజంగా గుర్తు రాలేదా? వచ్చాయి. బస్టాండు దాటకముందే వచ్చాయి. దిగలేదు.

ఆదివారం గది నిండా జనం. నలుగురు స్నేహితులు, సుగుణమ్మ, ఇరుగుపొరుగు. నేను బోర్డు పక్కనే నిలబడ్డాను. కిటికీలు మూసి దీపాలన్నీ వేశారు. నెల్లూరు వెలిగింది, కొడవలూరు వెలిగింది, జనం ఓహో అన్నారు. ఒక గూడ్సు తిరుగుతోంది. ఇత్తడి ఇంజను నాలుగు పెట్టెలతో వంతెన వైపు వస్తోంది. రమణయ్యగారు "ఏడు" అన్నారు. వేలు ఏడో బటన్ మీద పెట్టి నొక్కారు. దాని పక్క ఎర్రదీపం వెలిగింది. ఆ దీపం బటన్ నొక్కినట్టు మాత్రమే చెబుతుంది, పట్టా మళ్లినట్టు చెప్పదు. ఆయన దీపం చూసి "పడింది" అన్నారు. పడలేదు. కాయిలు పట్టాని సగం లాగి వదిలేసింది. ఇంజను ముందు చక్రాలు ఒకవైపు, వెనక చక్రాలు ఇంకోవైపు పోయాయి. వంతెన అంచు మీదుగా ఇంజను సిమెంటు నేల మీద పడి రెండు ముక్కలైంది.

జనం వంతెన చుట్టూ మూగారు. తర్వాత స్నేహితుల్లో ఒకాయన సంగతి తేలిక చేద్దామనుకుని నవ్వాడు. "ఏం రమణయ్యా, రిటైరైనాక చెయ్యి తప్పిందే!"

నేను ముందుగా మెయిన్ ఆపేశాను. షాక్ కొడుతుంది, ఎవరూ ముట్టుకోకండి అని అరిచాను. జాగ్రత్తకోసం కాదు. మళ్లీ ఎవరూ ఏడు నొక్కి చూడకూడదని.

అందరూ వెళ్లాక ఆయన ఇంజను ముక్కలు తువ్వాల్లో మూటకట్టి బల్ల మీద పెట్టారు. వాటి గురించి ఒక్క మాట అనలేదు. నా దగ్గరికి వచ్చారు.

"భాయ్, నువ్వు నా పక్కనే ఉండావు గదా. నేను నొక్కింది ఏడే గదా?"

నేను వంగి బల్ల కిందికి చూశాను.

"ఏడు అన్నా గదా నేను? ఏడో దీపమే గదా ఎలిగింది?"

"అన్నది ఏడే సార్. నొక్కింది ఆరు."

"దీపం?"

"ఆరోదే వెలిగింది సార్."

ఆయన తన చూపుడువేలు పైకెత్తి చూసుకున్నారు. "అట్టనా," అన్నారు. ఆ మనిషి నన్ను అనుమానించి ఉంటే ఇవాళ నాకింత బరువు ఉండేది కాదు. తన వేలికన్నా, తన కంటికన్నా నా మాటనే ఎక్కువ నమ్మారు.

ఆ సాయంత్రమే ట్రాన్స్‌ఫార్మర్ చుట్టాను. మర్నాడు పొద్దున్నే తీసుకెళ్లి, ఆయన గదిలోకి రాకముందే బిగించి, లైన్లు విడదీసి, తర్వాత ఆయన కళ్లెదుటే దీపాలన్నీ వేసి ఏడు నొక్కాను. టక్కున మళ్లింది. "వైరింగులో ఏం లేదు సార్," అన్నాను. ఆయన తలాడించారు. తేలు కుట్టిన దొంగలా బస్సెక్కాను.

మళ్లీ ఆయన ఆ బోర్డు ముట్టుకోలేదు. రైళ్ల మీద దుప్పట్లు కప్పేశారు. అది అక్కడితో ఆగితే ఒక బొమ్మ పోయిందనుకునేవాణ్ని. ఆగలేదు. సైకిలు తొక్కడం మానేశారు, ఏ మలుపులో ఏం చేస్తానో అని. మాత్రలు కూతురి చేత లెక్కపెట్టించుకుని మింగేవారు. గడియ పెట్టిన తలుపు దగ్గరికి మూడుసార్లు వెళ్లి చూసేవారు. "పడింది" అనడం మానేశారు. ఇదంతా నాకెలా తెలుసు? సుగుణమ్మ మిక్సీకో ఫ్యానుకో షాపుకి వచ్చినప్పుడల్లా చెప్పేది. నన్ను అన్నా అని పిలిచేది. "ఆ రోజు నుంచే మొదలైందన్నా నాన్నకి," అనేది. నేను వంచిన తల ఎత్తకుండా తీగ చుట్టేవాణ్ని. ఆమె తెచ్చినవాటికి ఏనాడూ కూలి తీసుకోలేదు. మంచివాణ్నని ఆమె అనుకుంది. పాపం కడుక్కుంటున్నానని నేను అనుకున్నాను. ఇద్దరమూ పొరబడ్డాం.

పోయిన నెల వచ్చినప్పుడు చెప్పింది. డాక్టరుకి చూపించారట. మతిమరుపేమీ లేదు, మనిషికి తనమీద తనకి నమ్మకం లేదంతే అన్నాడట ఆ డాక్టరు. గది ఖాళీ చేయిస్తున్నామని, వచ్చి వైర్లు పీకెయ్యమని అడిగింది. "నీ చేత్తో పెట్టినవే గదన్నా," అంది.

ఆ మాటతో నిర్ణయం అయిపోయింది. చెప్పాలా వద్దా అని ఇంక ఆలోచించలేదు. ఎలా చెబితే ఆయన నమ్ముతారన్నదే ఆలోచించాను. వట్టి మాటలతో చెబితే, నన్ను ఓదార్చడానికి అంటున్నావులే భాయ్ అనేస్తారు. ఆయనకి మాట కాదు, గుర్తు కావాలి. కళ్లతో చూడాలి.

సంచిలో కటింగ్ ప్లేయరు, టెస్టరు, టేపు వేసుకుని మైపాడు వెళ్లాను. దుప్పట్లు తీసి, పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా పట్టాలు తుడిచాను. ఎలకలు కొరికిన చోట్ల వైర్లు అతికాను. ఏడో కాయిలు విడిగా చూసుకున్నాను, బాగానే ఉంది. అప్పుడు బల్ల కిందికి దూరి, ట్రాన్స్‌ఫార్మర్ ఊడదీసి, పాయింట్ల లైను తెచ్చి రైళ్ల సప్లైకి కలిపాను. ఆనాడు ఎక్కడ కలిపానో సరిగ్గా అక్కడే. గూడ్సుని నడిపించి, దీపాలన్నీ వేసి, ఆయన్ని పిలుచుకొచ్చాను. సుగుణమ్మ వెనకే వచ్చి గుమ్మంలో నిలబడింది.

అంతా చెప్పాను. వేడెక్కిన ట్రాన్స్‌ఫార్మర్, సంచి, బస్సు, ఆరు. నొక్కి చూడండి సార్ అన్నాను. ఆయన చెయ్యి వెనక్కి పెట్టుకున్నారు. చాలాసేపు అట్టముక్క మీద తన రాతనే చూశారు. తర్వాత చెయ్యి ముందుకొచ్చింది.

"ఏడు," అన్నారు. నొక్కారు. ఎర్రదీపం వెలిగింది. వంతెన దగ్గర పట్టా సగం కదిలి ఆగిపోయింది.

ఆయన అక్కడి దాకా నడిచి, కళ్లజోడు సర్దుకుని, వంగి చూశారు. తిరిగొచ్చి మళ్లీ నొక్కారు. మళ్లీ వెళ్లి చూశారు. మూడోసారి వంతెన దగ్గర సుగుణమ్మని నిలబెట్టి నొక్కారు. "సగమే పోయింది నాన్నా," అంది ఆమె.

"ఆరు అన్నావే," అన్నారు నా వైపు చూడకుండా.

"అబద్ధం చెప్పినాను సార్."

"పదకొండేళ్లు."

"అవును సార్."

క్షమించమని అడగలేదు. అడిగే ముఖం ఎక్కడిది? ఆయన బోర్డు ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"వైరు సరిగ్గా కలిపి పో. మళ్లా మా గడప తొక్కబాక."

కలిపాను. ట్రాన్స్‌ఫార్మర్ బిగించి, లైన్లు విడదీసి, ప్రతి అతుకూ లాగి చూసి, టేపు చుట్టి బయటికొచ్చాను. గేటు తీసి పట్టుకున్న సుగుణమ్మ నన్ను అన్నా అనలేదు. ఆటో కోసం రోడ్డు మీద నిలబడ్డాను. రేకుల గదిలోంచి ఆయన గొంతు వినబడింది. ఏడు అన్నారు. కాసేపటికి, పడింది అన్నారు. ఆ తర్వాత ఎనిమిది. అది నా కోసం కాదని నాకు తెలుసు. అయినా నిలబడి విన్నాను. వచ్చిన ఆటోని పోనిచ్చి, ఇరవై రెండు దాకా విన్నాను.

ఆ గడప ఇక తొక్కను. నాకు పడాల్సిన శిక్ష అది, చిన్నదే. ఆయన పోగొట్టుకున్న ఏళ్లకి నా దగ్గర బదులేమీ లేదు. ఆ రోజు గదిలో ఉన్న స్నేహితులు ఎక్కడున్నారో, ఎంతమంది మిగిలారో నాకు తెలియదు. ఆయన చెయ్యి తప్పిందనే అనుకుంటూ ఉంటారు. వాళ్లలో ఎవరైనా ఇది చదివితే చదవాలని రాస్తున్నాను. నేను పక్కనే ఉన్నాను. నా కళ్లతో చూశాను. రమణయ్యగారు ఆ రోజు నొక్కింది ఏడే.