పదునుకు రాని పొర

టప్ టప్‌మని అట్టల మీద అరచేతి దెబ్బలు వీధి మలుపు దాకా వినిపిస్తున్నాయి. పుస్తకాలకు అట్టలు వేసే ఆవిడ కోపమంతా వాటి మీదే చూపిస్తోంది. ఆసుపత్రి ల్యాబులో తయారుచేసిన పిండం సిద్ధంగా ఉన్నా ఆమె గర్భసంచి లోపలి పొర ఇంకా పదునుకు రాలేదని డాక్టరమ్మ దాన్ని లోపల పెట్టడం వచ్చే నెలకు వాయిదా వేసింది.

“పిండం బాగుందన్నారుగా! పెట్టేస్తే పోయేదేముంది?” అంది అత్తగారు, మళ్లీ.

“అత్తయ్యా, జిగురు పచ్చిగా ఉంటే అట్ట జారిపోతుంది, ఎండిపోతే అంటుకోదు. మధ్యలో కాసేపే పట్టుకుంటుంది. ఆ పొర కూడా అంతే, కొద్దిరోజులే పిండాన్ని రానిస్తుంది.”

“త్వరగా కానిమ్మని చెప్పకపోయావా ఆ పొరకి?”

“చెబితే వినేవాళ్లు ఈ ఇంట్లో ఎవరున్నారు గనక! ఉన్నది ఒక్కటే పిండం. తొందరపడి పోగొట్టుకోమంటారా?”