సుడిగాలి వచ్చిన రోజు
పద్మనాభం ఊరి నుంచి రోజూ గోపాలపట్నం వచ్చి ఆనపకాయలు అమ్మే ఎర్రినాయుడు బేరమాడేటప్పుడు తలెత్తడు. తువ్వాలు కొసను వేలికి చుట్టుకుంటూ నేల చూస్తాడు. ఇదివరకు అలా ఉండేవాడు కాదు. మొన్న వేసవిలో సుడిగాలి ఊరి మీద పడి, తాటిచెట్లను పెకలించి, ఇళ్ల రేకులను ఎగరేసుకుపోతుంటే, అతను పొలంలోని మోటారు గదిలో దూరి గడియ పెట్టుకున్నాడు. పక్క చేను సన్యాసమ్మ పరుగున వచ్చి తలుపు బాదింది. "ఒరే నాయుడూ, తలుపు తియ్యరా!" భయంతో అతను కదల్లేదు. గాలి ఆమెను ఎత్తి గట్టు మీద పడేసింది. చెయ్యి విరిగింది.

ఆస్పత్రిలో ఊరివాళ్ల ముందు ఆమే చెప్పింది: "గాలికి తలుపు బిగిసిపోనాది. పాపం, ఆడేటి సేత్తాడు?"

అందరూ వెళ్లాక, నిజం చెప్పాలని అతను నోరు తెరిచాడు. సన్యాసమ్మ కట్టు లేని చేత్తో అతని చెయ్యి పట్టుకుంది.

"ఊరుకోరా. నాకు తెల్దేటి?" అంది మెల్లగా.