దూరపు గోడ మీద ఎరుపు

నాకు ఎరుపు సరిగా కనపడదు. క్రేన్ ఆపరేటరు ఉద్యోగానికి రాతపరీక్ష పాసై మెడికల్‌కి వెళ్ళేదాకా ఆ సంగతి నాకూ తెలియదు. డాక్టరు రంగు చుక్కల పుస్తకం తెరిచి అంకెలు చదవమన్నాడు. మొదటి పేజీలో పన్నెండు చదివాను. ఆ తర్వాత పేజీల్లో చుక్కలు తప్ప ఏమీ కనపడలేదు. పుస్తకం అచ్చులోనే తప్పుందని వాదించాను కూడా. నాకు అప్పుడూ నోరెక్కువే.

అప్పటికే మేనమామ కూతురితో పెళ్ళి ఖాయమైంది. “సెలక్షన్ లిస్టు కేన్సిలయిపోయిందని సెప్పు. కళ్ళ సంగతి ఎత్తకు,” అన్నాడు నాన్న. మావయ్యకు అదే చెప్పాను, ఆమెకూ అదే చెప్పాను. ఎప్పుడో ఒకప్పుడు నిజం చెప్పేద్దామనుకుంటూనే పద్నాలుగేళ్ళు గడిపేశాను.

గాజువాకలో టీవీలూ రేడియోల రిపేరు కొట్టు పెట్టుకున్నాను. రెసిస్టర్ల మీద రంగు పట్టీలు చూసి విలువ చెప్పడం నా వల్ల కాదు కాబట్టి ప్రతిదాన్నీ మీటరు పెట్టి కొలుస్తాను. కస్టమర్లు దాన్ని జాగ్రత్త అనుకుంటారు. ఇంట్లో మాత్రం నాకంత పేరు లేదు. పూర్ణా మార్కెట్ నుంచి నేను తెచ్చే టమాటాల్లో సగం పచ్చివే. “మొహం ఎక్కడెట్టుకుని ఏరావు?” అని ఆమె తిట్టేది. పడేవాడిని. నిజం చెప్పడం కంటే తిట్లు తినడమే సులువుగా ఉండేది.

అలాంటివాడిని లేజర్ ప్రొజెక్టరు తయారు చేయడానికి ఎందుకు పూనుకున్నానంటే, పొగరు, ఇంకేం కాదు. మా వీధి చవితి పందిట్లో గోడ మీద రంగుల పువ్వులు పూయిస్తానని అందరి ముందూ మాటిచ్చేశాను. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, మూడు లేజర్లు. ఒక్కోదాని ముందు ఒక్కో చిన్న అద్దం, అద్దం వెనుక దాన్ని అటూ ఇటూ జరిపే మరలు. మూడు కిరణాలనూ ఒకే దారిలో పెడితే తెల్ల గీత వస్తుంది. అవి దగ్గర గోడ మీద కలిస్తే చాలదు, దూరపు గోడ మీదా కలిసే ఉండాలి. అద్దం వెంట్రుకవాసి పక్కకి తిరిగినా, దగ్గర ఒకటిగా ఉన్న చుక్క దూరాన రెండవుతుంది.

దగ్గర పని బాగానే సాగింది. గదిలో ఒక్కో లేజరే వెలిగించి, గోడకంటించిన కాగితం మీద ఒకే పెన్సిల్ గుర్తుకు మూడింటినీ చేర్చాను. ఎరుపు మసగ్గా ఉన్నా దొరికింది. మర్నాడే చవితి. దీపాలు పెట్టే వేళకి పెట్టెను మేడ మీదకి మోసుకెళ్ళి, మా ఇంటి పక్క ఖాళీ స్థలానికి అవతల ఉన్న గోడౌను గోడ మీదకి తిప్పాను. కిరణం మనుషుల తలల కంటే బాగా ఎత్తులో పోయేలా చూసుకుని, మూడు రంగులూ కలిపి తెల్ల తామరపువ్వు వేశాను. నా కంటికి ఒకే పువ్వు, లోపమేమీ లేదు. గర్వంగా ఆమెను కేకేశాను.

ఆరేసిన బట్టలు తీసుకుంటూ వచ్చి చూసింది.

“బాగుంది బావా. ఆ పక్కన ఇంకో ఎర్ర పువ్వు ఏటి?”

“ఎటు పక్క?” అనేశాను.

“ఎటు పక్కేటి? అంతెర్రగా కనపడతంటే!”

డిజైనే అంత అని బుకాయించవచ్చు. కానీ రేపు వీధి వీధంతా అదే ప్రశ్న వేస్తుంది. అంతకంటే, బుకాయించి బుకాయించి అలసిపోయాను. లేజర్లు ఆపేసి అంతా చెప్పాను. చుక్కల పుస్తకం, నాన్న మాట, లిస్టు అబద్ధం. చెబుతున్నంతసేపూ భయమే. మోసం చేశావంటుందేమోనని, అంతకంటే జాలిపడుతుందేమోనని.

ఆమె బట్టలు పిట్టగోడ మీద పడేసింది.

“మా నాన్నతో అబద్ధమాడావు, సరే. ఇన్నేళ్ళూ నన్నెందుకు తిట్టనిచ్చావు? నాను నోటికొచ్చినట్టు అంటంటే నవ్వుకుంటా ఊరుకున్నావేటి?”

ఏడ్చింది. నాకు సిగ్గేసింది.

కాసేపటికి కళ్ళు తుడుచుకుని, “వెలిగించు,” అంది. ఏ మర తిప్పాలో చూపించి, కళ్ళు పెట్టెలోకి పోనీకుండా గోడ వైపే ఉంచమన్నాను. అలెన్ కీ తీసుకుని, ఊపిరి బిగబట్టి కొంచెం కొంచెంగా తిప్పింది. “వత్తంది... వత్తంది... దాటేసింది... ఆఁ, ఇప్పుడు కలిసింది. తెల్లగా ఉంది బావా.” నాకు ముందు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. ఆమె తెల్లగా ఉందంటే తెల్లగా ఉన్నట్టే అని మరను బిగించాను.

కిందికి దిగబోతూ మెట్ల దగ్గర ఆగింది.

“పెళ్ళిలో నా సీర ఏ రంగు?”

“ఎర్రదని అమ్మ సెప్పింది.”

“నీకెలా కనపడింది?”

“తడి మట్టిలాగ,” అన్నాను. “నాకు బాగా నచ్చింది.”

ఆమె ఒక మెట్టు దిగి మళ్ళీ వెనక్కి తిరిగింది.

“అయితే నీకెలా కనపడితే అలాగే సెప్పు. ఇంకెప్పుడూ ఎర్రగా ఉందని సెప్పకు.”