మస్కట్ చూసిన చీర

శుక్రవారం వచ్చిందంటే నాకు ఒళ్లు మండుతుంది. మా చెల్లెలు మస్కట్‌లో ఒకరింట్లో వంటపని చేస్తుంది. ఆ రోజు దానికి సెలవు. ముత్రా రేవు దగ్గర నిలబడి వీడియో కాల్ చేస్తుంది. ఇక్కడ గద్వాలలో నేను మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని చూస్తాను.

"అక్కా, జర చూడు! సముద్రం ఎట్లున్నదో! గా కొండ మీద కోట కనబడ్తున్నదా?" అంది మొన్న.

"మనూర్ల లేదా కోట?" అన్నాను.

అది నవ్వి బజారులోకి నడిచింది. సాంబ్రాణి పొగ, వెండి పిడిబాకులు, ఖర్జూరం కుప్పలు. అమ్మ నా చేతిలోంచి ఫోను లాక్కుంది. "ఎంత మంచి తావుల ఉన్నవే బిడ్డా!" అని మురిసిపోయింది. నాకు చాయ్ పెట్టడం కూడా మరిచింది.

మళ్లీ రేవు మీదికొచ్చి, "అక్కా, ఇగో, నీ చీరనే కట్టుకున్న" అని చెల్లెలు ఫోను కిందికి దించింది.

మేం నేసేవన్నీ అమ్మకానికే పోతాయి. ఇంట్లో కట్టేది పాలియెస్టరు. నాకోసమని నేసుకున్నది ఆ ఒక్క చీరే. చెల్లెలు ప్రయాణమైన రోజు అమ్మ ఆ చీర తీసి చెల్లెలి పెట్టెలో పెట్టింది. ఇప్పుడు నేను కోట బురుజుల వరసలా నేసిన కోటకొమ్మ అంచు ఆ పరాయి కోట ముందు గాలికి ఎగురుతోంది. చెల్లెలి మీదకన్నా ఆ చీర మీదే ఎక్కువ కుళ్లుకున్నాను.

"నువ్వు గూడ రా అక్కా, అంతా చూపిస్త" అంది.

"ఎనక్కి జరుగు, అంచు తడుస్తది" అని అమ్మ చేతిలోంచి ఫోను తీసుకుని పెట్టేశాను.