దివాణం తలవాకిలి

పరీక్ష పెట్టి పిల్లల్ని ఏరుకునే ఆడపిల్లల హైస్కూలు అది. చిత్తూరులో ఒక పాత జమీందారు దివాణాన్ని అద్దెకు తీసుకుని నడిపేవారు. వడమాలపేట నుంచి వచ్చి అందులో సీటు తెచ్చుకున్నానని నాకు పొగరు. తలవాకిలి గడప మీదుగా ఒక్క దూకు దూకి లోపలికి పోయేదాన్ని.

దివాణం వెనక గదిలో జమీందారు భార్య, ముసలావిడ, ఒంటరిగా ఉండేది. ఆ ఇంటి ఆడవాళ్లు తలవాకిలి దాటకూడదట. జమీందారు పోయినా, ఇల్లు బడికి ఇచ్చేసినా ఆమె ఆ కట్టడి వదల్లేదు. మధ్యాహ్నం నన్ను కిటికీ దగ్గరికి పిలిచి ఎప్పుడూ ఒకటే అడిగేది.

“పాపా, మన వాకిట్లో నిలబడి సూస్తే ఎదురుగా ఏముండాది?”

“పూలంగడి ఉండాది అవ్వా. పక్కన యాపసెట్టు.”

“నన్ను పెండ్లి చేసి తెచ్చినప్పుడు పల్లకికి తెర కట్టినారు. ఏమీ కనపళ్లేదు.”

“ఇప్పుడెవరుండారు నిన్ను ఆపేదానికి? రా, సూపిస్తా,” అని ఒకరోజు చెయ్యి పట్టి లాగాను. హాలు దాకా వచ్చింది. గడప కనబడగానే చెయ్యి విడిపించుకుంది.

“ఇంకో దినం సూద్దాంలే,” అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీదో మాత్రం తెలియలేదు.

ఆ వానాకాలంలోనే ఆమె పోయింది. ఆ ఇంటి ఆడది తలవాకిలిగుండా బయటికి పోవడానికి ఆనవాయితీ ఒప్పుకునేది అప్పుడొక్కసారే. మమ్మల్ని వరండాలో నిలబెట్టారు. పాడె గడప దాటింది. ఎదురుగా పూలంగడి, పక్కన వేపచెట్టు, అన్నీ నేను చెప్పినట్టే ఉన్నాయి. ఆమె కళ్లు మూసి ఉన్నాయి.