పేజీ చూపించమన్న పేర్రాజుగారు

పేర్రాజుగారు పోయారన్న కబురు మొన్న మంగళవారం పొద్దున్న వచ్చింది. కుట్టుమిషను ముందు కూర్చుని ఉన్నాను. సూదిలోకి దారం ఎంతకీ ఎక్కలేదు. సంతాప సభలో ఒక పెద్దాయన "పాపం, మంచి కాలక్షేపం మనిషండీ" అన్నారు. తాడేపల్లిగూడెంలో ఆయన పేరు పక్కన ఆ ఒక్క మాటే మిగిలిపోకూడదు. అందుకే ఏడో తరగతితో బడి మానేసి, గ్రంథాలయంలో చదువుకున్న నేను ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆయన సినిమా హాల్లో ఆపరేటరుగా పనిచేసి రిటైరయ్యారు. ప్రతి ఆదివారం సాయంత్రం మా గ్రంథాలయం అరుగు మీద కొత్త సినిమాకి సైన్సు పరీక్ష పెట్టేవారు. "మెరుపూ ఉరుమూ ఒకేసారి వచ్చేశాయేంటండీ? వెలుగు పరిగెత్తుకొస్తుంది, చప్పుడు నడిచొస్తుంది. ఇద్దర్నీ ఒకే బస్సెక్కించేశాడు డైరెక్టరు!" అనేవారు. ఒక్క గుద్దుకి విలన్ గోడ దాటి పడితే, "అంత తోపు తోశాక హీరోగారు కూడా కాస్త వెనక్కి జరగాలి కదండీ, కనీసం మర్యాదకి!" అనేవారు. అరుగంతా నవ్వులే.

ఆ నవ్వులకి ఒక కట్టుబాటు ఉండేది. ఎవరు ఏ వింత చెప్పినా పుస్తకమే సాక్ష్యం. ఫోనులో వచ్చిందంటే ఒప్పుకునేవారు కాదు. "పేజీ చూపించండి" అనేవారు. ఓడినవారు తమ తప్పును అరుగు మీది నల్లబల్లపై స్వహస్తాలతో రాయాలి. వారమంతా దాన్ని ఊరు చదువుతుంది.

ఆయనకి ఇష్టమైన కబురు కొల్లేటి గూడబాతుది. "అది పక్షి కాదండీ, క్యారేజీ! చేపల్ని ముక్కు కింది సంచిలో పెట్టుకుని పిల్లలకి పట్టుకెళ్తుంది" అని ఏళ్ల తరబడి చెప్పారు. అందరం నమ్మాం. ఒకసారి ఏలూరు గ్రంథాలయంలో పక్షుల పుస్తకం తిరగేస్తుంటే వేరే సంగతి కనిపించింది. ఆ సంచి వల లాంటిదట. నీళ్లు వంపేసి, చేపను అక్కడికక్కడే మింగేస్తుందట. పిల్లలకి పెట్టేది గొంతులోంచి తిరిగి తీసిన మేతట.

నాకు చదవడం రుచి చూపించినాయన్ని పదిమందిలో తప్పని ఎలా అనను? అనకపోతే, ఆయన నేర్పిన కట్టుబాటు ఏమైనట్టు? ఆదివారం ఆ పుస్తకం పట్టుకుని అరుగు మీద లేచి సంగతి చెప్పాను.

కాంపౌండరు గణపతిగారు ఊరుకోలేదు. "జాకెట్లు కుట్టుకునేదానివి, నీకెందుకమ్మా గూడబాతు కొలతలు?"

"మీరుండండి గణపతిగారూ" అన్నారు పేర్రాజుగారు. నా వైపు తిరిగి, "పేజీ ఉందా అమ్మా సుజాతా?"

"ఉందండి, బాబాయిగారూ."

కళ్లజోడు తుడుచుకుని రెండుసార్లు చదివారు. లేచి బల్ల దగ్గరికి వెళ్లి, గుండ్రటి అక్షరాలతో రాశారు: "గూడబాతు విషయంలో నేను చెప్పింది తప్పు. పేజీ చూపినవారు సుజాతగారు." నన్ను 'గారు' అని రాసిన మొదటి మనిషి ఆయనే. సుద్దముక్క నా చేతిలో పెట్టి, "ఇన్నాళ్లూ ఆ పక్షి చేత ఊరికే మోత మోయించానమ్మా. ఇకనుంచి బల్ల నువ్వు చూసుకో" అన్నారు.

తప్పు చెప్పని పండితులు ఎందరైనా ఉండవచ్చు. తన తప్పును తన చేత్తో రాసి, ఆ రాతకి గర్వపడిన మనిషిని మాత్రం నేను ఒక్కరినే చూశాను. కాలక్షేపం చేసిన మనిషి కాదాయన. మా కాలానికి విలువ తెచ్చిన మనిషి. ఆ స్థానం పూడేది కాదు.

బయటికివ్వని పుస్తకాన్ని నా మాట మీద వారం రోజులు ఇచ్చిన ఏలూరు లైబ్రేరియన్ రాజేశ్వరిగారికి, ఆయన మాటలు పొల్లుపోకుండా గుర్తుచేసిన గణపతిగారికి, ఇంతటి దుఃఖంలోనూ కూర్చుని ఇదంతా విని సరిచూసిన పేర్రాజుగారి భార్య సత్యవతమ్మగారికి నమస్కారాలు. ఇందులో ఎక్కడైనా తప్పు దొర్లి ఉంటే ఆదివారం అరుగు మీదికి వచ్చి చూపించండి. సుద్దముక్క నా దగ్గరే ఉంది.